నాలుగు చేతులు, ఒక్క పియానో



బియ్యపు మరలు రాకపూర్వము మన భోగాపురము చుట్టుపట్ల గ్రామములలో ఇరువురు స్త్రీలు ఒక్క రోటిలో రెండు రోకళ్లతో వడ్లు దంచెడివారు. మీలో పెక్కుమంది దానిని చూచియుండరు. మీ నాయనమ్మల నడిగినచో చెప్పుదురు. ఒకతె రోకలి పైకి లేచునప్పుడు రెండవయామె రోకలి క్రిందికి దిగవలెను. రోలు ఒక్కటే, అందు రెండు రోకళ్లకు ఒక్కసారి చోటు లేదు. ఒకతె తొందరపడినచో రోకళ్లు రెండును ఢీకొనును. ఒకతె వెనుకబడినచో రెండవయామె చేయి ఆగిపోవును. ఆ పనిలో బలము గలవారికంటె వరుస తెలిసినవారే నేర్పరులని పేరు పొందిరి.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన మొదటి సూత్రములలో నొకటి, తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెననుట. కావుననే నేను రోలుతో ప్రారంభించితిని. ఈ వ్యాసమునందు మీకు చెప్పదలచినది పియానోను గూర్చియు, ఆ వాద్యముపై ఇరువురు ప్రక్కప్రక్కన గూర్చుండి నాలుగు చేతులతో వాయించు సంగీతమును గూర్చియు. గడచిన యేడాది నేను మా అక్కగారితో గూడి అట్టి యొక కఠినమైన కృతిని నేర్చుకొంటిని. అందు నేను చేసిన తప్పులు మీకు ఉపయోగపడునను తలంపుతో, వానిని దాచక వ్రాయుచున్నాను.

వాద్యము యొక్క స్వభావము

మీరు ప్రార్థన సమయమున హార్మోనియమును చూచియున్నారు. దాని తిత్తి నొక చేతితో ఊదుచు, రెండవ చేతితో మీటలను నొక్కుదురు. గాలి యెక్కువైన స్వరములన్నియు ఒక్కటిగా హెచ్చును. గాలి తగ్గిన అన్నియు ఒక్కటిగా తగ్గును. ఒక్క వ్రేలి క్రింది స్వరమును మాత్రము మెత్తన చేయుటకు వీలు లేదు.

పియానో అట్టిది కాదు. 1700వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశపు ఫ్లోరెన్సు నగరములో బార్తొలొమియో క్రిస్తొఫోరి యనునతడు దీనిని నిర్మించెను. మీటను నొక్కగానే, ఉన్నిగుడ్డ తొడిగిన చిన్న సుత్తి యొకటి లోపలి తీగలను తట్టి వెంటనే వెనుకకు వచ్చును. మెల్లగా నొక్కిన మెల్లగాను, గట్టిగా నొక్కిన గట్టిగాను పలుకును. ఈ గుణమునుబట్టియే మెత్తన, బిగ్గర యను అర్థము గల రెండు ఇటాలియను మాటలు కలిసి ఆ వాద్యమునకు పేరైనవి. ప్రతి వ్రేలికిని దాని బరువు నిర్ణయించు స్వాతంత్ర్యము గలదు. ఆ స్వాతంత్ర్యముతోపాటు బాధ్యతయు గలదు.

నేటి పియానోలో 52 తెల్ల మీటలును 36 నల్ల మీటలును, మొత్తము 88 మీటలు గలవు. వాని వరుస వెడల్పు సుమారు నాలుగడుగులు. ఇరువురు కూర్చుండినప్పుడు ఒక్కొక్కరికి రెండడుగుల మేర మాత్రమే దక్కును. మీటను విడిచిన వెంటనే ఒక చిన్న దిండు తీగపై వాలి ధ్వనిని ఆపును. కాలిక్రింది కుడి పెడలును త్రొక్కినచో ఆ దిండ్లన్నియు ఒక్కమారు లేచి, తీగలన్నియు మ్రోగుచునే యుండును. ఈ సంగతి బాగుగా జ్ఞాపకముంచుకొనుడు. పెడలు ఒక్కరి పాదము క్రింద నుండును గాని, దాని ఫలము ఇరువురి స్వరములపైనను పడును. నా తప్పులలో పెద్దది ఇచ్చటనే జరిగినది.

నాలుగు చేతుల సంగీతము

ఇరువురి పియానో కృతులలో పై స్థాయి స్వరములు వాయించువారిని ప్రైమో యనియు, క్రింది స్థాయివారిని సెకండో యనియు పిలుతురు. ప్రైమో కుడి ప్రక్కను, సెకండో ఎడమ ప్రక్కను కూర్చుందురు. ముద్రిత పుస్తకములో సాధారణముగ ఎడమ పుట సెకండోది, కుడి పుట ప్రైమోది. ఎవరి పుట వారికి ఎదురుగా నుండును.

ఇట్టి సంగీతమునకు పదునెనిమిదవ శతాబ్దమున మంచి ఉదాహరణ మొజార్టు కుటుంబము. బాలుడైన మొజార్టును అతని అక్క నానెర్లును ఒక్క వాద్యమున కూడి వాయించెడివారు. 1780 ప్రాంతమున చిత్రింపబడిన వారి కుటుంబ చిత్రములో అక్కాతమ్ములు ప్రక్కప్రక్కన గూర్చుండి, ఒకరి చేయి మరియొకరి చేతిపైనుండి దాటుచున్నట్లు కనబడుదురు. తరువాతి శతాబ్దమున ఐరోపాలో పియానో గల ఇండ్లలో ఈ వాడుక వ్యాపించెను. ధ్వనిని పట్టి మరల వినిపించు ఫోనోగ్రాఫును ఎడిసను కనిపెట్టినది 1877లో. అంతకుముందు పెద్ద వాద్యబృందపు సంగీతమును ఇంటియొద్ద మరల వినగోరువారికి, నాలుగు చేతులకు కుదించిన పుస్తకమే ఆధారము. బ్రాహ్ముసు తన హంగేరియను నృత్యముల మొదటి రెండు భాగములను 1869లోను, ద్వోర్‌జాకు తన స్లావు నృత్యముల మొదటి వరుసను 1878లోను ఈ పద్ధతిలోనే ప్రకటించిరి.

మన ప్రాంతమునందు ఈ వాద్యము ఏల వ్యాపింపలేదని మీరడుగవచ్చును. పాశ్చాత్య వాద్యమైనంత మాత్రమున మనవారు దేనిని త్రోసివేయలేదు. ఫిడేలును బాలుస్వామి దీక్షితులవారు (1786-1859) కర్ణాటక సంగీతములోనికి తెచ్చిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల స్థాపింపబడినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులైరి. ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అందు ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. ఫిడేలు తీగపై వ్రేలు జారును; గమకము పలుకును. పియానోలో ఒక మీటకును ప్రక్క మీటకును నడుమ స్వరము లేదు. కనుక గమకము లేదు. ఇదియే అడ్డంకి. అయినను సాలూరు సమీపమున శివరామపురములో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు తెలుగు చలనచిత్రములలో పియానో పాటలను కూర్చి ప్రసిద్ధులైరి. కాబట్టి ఈ వాద్యము మన ప్రాంతపు చెవికి పూర్తిగా క్రొత్తది కాదు.

మేమెన్నుకొన్న కృతి

మేము నేర్చుకొన్నది ఫ్రాంజు షూబెర్టు రచించిన ఎఫ్ మైనరు ఫాంటసీ. షూబెర్టు 1797లో వియన్నా నగరమున ఒక బడిపంతులుగారికి జన్మించి, తానును కొంతకాలము తండ్రి బడిలో సహాయోపాధ్యాయుడుగా పనిచేసెను. 1818లోను మరల 1824లోను వేసవికాలములందు జెలిజు గ్రామమున ఎస్తర్‌హాజీ ప్రభువుగారి కుమార్తెలకు సంగీతము నేర్పెను. ఆ గ్రామము అప్పుడు హంగేరీలోనిది. ఇప్పుడు స్లొవాకియాలో నున్నది. ఆ శిష్యురాండ్రలో నొకరైన కరోలినాకే ఈ ఫాంటసీ అంకితము. దీనిని 1828 జనవరిలో ప్రారంభించి, ఆ వసంతకాలమున ముగించి, మే 9వ తేదీన లాఖ్నరు అను మిత్రునితో గూడి మరియొక మిత్రుని యెదుట వాయించెను. ఆ సంవత్సరము నవంబరు 19వ తేదీన, ముప్పదియొకటవ యేట, మరణించెను. కృతి మరుసటి సంవత్సరము మార్చిలో డియాబెల్లి యను ప్రకాశకునిచే ముద్రింపబడెను.

ఈ కృతిలో మొత్తము 570 బారులు గలవు. బారు అనగా మన తాళములో ఒక ఆవర్తము వంటిది. నాలుగు భాగములు నడుమ విరామము లేక ఒకదానితో నొకటి కలిసియుండును. వాయించుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టును.

దీని నిర్మాణమును హార్మోనియము భాషలో చెప్పెదను. మనము ఒకటి శ్రుతి యనునది సి యను తెల్లమీట. డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు. కాబట్టి ఈ కృతి నాలుగు శ్రుతిలో మొదలగును. దాని స్వరస్థానములు ముఖ్యముగ మన 20వ మేళకర్తయైన నటభైరవికిని, 21వదియైన కీరవాణికిని చెందినవి. స్వరస్థానములు మాత్రమే, రాగలక్షణము కాదు. మొదటి భాగము 120 బారులు. సెకండో మెల్లగా అలలవలె స్వరములను విరిచి వాయించుచుండగా, ప్రైమో ఒక చిన్న పాటను ఎత్తుకొనును. అందు పంచమమునుండి పై షడ్జమమునకు ఎగబ్రాకు ఒక పిలుపు గలదు. ఒక్కమారు వినినవారు దానిని మరువలేరు.

తరువాత ఆశ్చర్యకరమైన సంగతి జరుగును. రెండవ, మూడవ భాగములలో శ్రుతియే నాలుగునుండి నాలుగున్నరకు పోవును. మన సంగీతమున కచేరీ ముగియువరకు శ్రుతి కదలదు. అది మనకు నేల వంటిది. ఇచ్చట నేలయే అర మెట్టు లేచును. రెండవ భాగము నెమ్మదైనది, గంభీరమైనది. మూడవది మూడు మాత్రల వేగమైన నడక. నాలుగవ భాగమున శ్రుతి మరల నాలుగునకు దిగి, మొదటి పాట తిరిగి వచ్చును. ఇల్లు విడిచి దూరదేశము పోయి, మరల ఇంటి గడప చూచినట్లుండును.

కడపట ఫ్యూగు అనునది గలదు. ఒక స్వరము చెప్పిన మాటను రెండవది అందుకొనును. అది ముగింపకమునుపే మూడవది అందుకొనును. నలుగురు ఒక్కమారు వాదించుచున్నను, ప్రతి మాటయు స్పష్టముగ వినబడవలెను. ఈ వాదము హెచ్చి హెచ్చి, షడ్జమమును చేరక, పంచమముపై తటాలున ఆగిపోవును. ఒక్క బారు నిశ్శబ్దము. ఆ తరువాత మొదటి పాట చివరిమారు వచ్చి, కృతి ముగియును.

మేమేల పూనుకొంటిమి

మా అక్కగారు విశాఖపట్టణమున చిరకాలము ఉపాధ్యాయినిగా నుండి విరమించిరి. చిన్ననాడు నాకు స్వరములు నేర్పినది ఆమెయే. రెండేండ్లుగా ఆమె వ్రేళ్ల కీళ్లలో వాతము ప్రవేశించినది. ఒకనాడు ఆమె నన్ను పిలిచి, "తమ్ముడూ, ఇంకా ఎన్నాళ్లు నా వేళ్లు నా మాట వింటాయో తెలీదు. ఆ షూబెర్టు ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా వాయించాలని ఉంది. రెండో భాగం నువ్వు నేర్చుకుంటావా?" అని యడిగిరి. కాదనుటకు నాకు నోరు రాలేదు. నా శక్తి చాలునో చాలదో ఆలోచింపనును లేదు.

ఆమె ప్రైమో, నేను సెకండో. ప్రతి శనివారము పాఠశాల ముగిసిన తరువాత భోగాపురమున బస్సెక్కి విశాఖపట్టణము పోవుదును. తక్కిన దినములలో 61 మీటల విద్యుత్ కీబోర్డుపై నా భాగమును సాధించెడివాడను. అది ఇరువురికి చాలదు గాని, ఒక్కని అభ్యాసమునకు చాలును.

నాలుగు నెలలు గడచినవి. నా వ్రేళ్లకు స్వరములన్నియు వచ్చినవి. నేను సంతోషించితిని, అక్కగారు మాత్రము సంతోషించినట్లు కనబడలేదు. ఒక శనివారము ఆమె మాటలాడక, తన ఫోనులో మా వాయింపును పట్టి, నాకు వినిపించిరి. వినుచుండగా నాకు తల వాలిపోయినది. ఆమె పాట ఎచ్చటను వినబడలేదు. నా క్రింది స్వరములు వరదవలె అంతటను నిండియున్నవి. నా వ్రేళ్ల సమత్వలోపమును కప్పిపుచ్చుటకు నేను పెడలును విడువక త్రొక్కుచుంటిని. అందుచే ఆమె ప్రతి స్వరమును వెనుకటి స్వరములతో కలిసి మసకబారినది. ఆమె యొక స్వరము తప్పిన చోట నేను ఆగి, ఉపాధ్యాయునివలె, "మరల" అనుటయు ఆ ధ్వనిలేఖనమున స్పష్టముగ వినబడినది.

"నువ్వు నీ వేళ్లనే వింటున్నావురా, నన్ను వినడం లేదు" అని మాత్రము ఆమె యనిరి.

ఇరువది సంవత్సరములుగ, పలువురు కూడి పాడునప్పుడు నేను హార్మోనియము వాయించుచున్నాను. అచ్చట బిగ్గరగ వాయించి అందరిని లాగుకొనిపోవుట నా పని. ఆ యలవాటునే పియానోకు తెచ్చితిని. అక్కగారి కోరికను తీర్చుటకని వచ్చి, ఆమె పాటనే తుడిచివేయుచుంటిని. ఆ దినమునుండి మా అభ్యాసక్రమమును మార్చితిమి. ఆ క్రమమునే మీకు క్రింద చెప్పుచున్నాను.

అభ్యాస క్రమము

మొదటిది. ఎవరి భాగమును వారు ఒక్కొక్క చేతితో వేరువేరుగ, నిదానముగ సాధింపవలెను. ఏ వ్రేలు ఏ మీటపై పడవలెనో పెన్సిలుతో వ్రాసికొని, ప్రతిదినము అదే వ్రేలిని వాడవలెను. నేడొక వ్రేలు, రేపొక వ్రేలు వాడినచో చేతికి జ్ఞాపకము నిలువదు.

రెండవది. ఎదుటివారి భాగమును గూడ నేర్వవలెను. వేగముగ రాకున్నను సరే. నేను ప్రైమో స్థానమున గూర్చుండి అక్కగారి పాటను వాయించిన నాడు గాని, ఆమె ఎచ్చట ఊపిరి తీసికొనునో, ఎచ్చట ఆమె బలహీనమైన నాలుగవ వ్రేలిపై బరువు పడునో నాకు తెలియలేదు. తెలిసిన పిమ్మట అచ్చట మెత్తన చేయుమని నాకెవ్వరును చెప్పనక్కరలేకపోయినది.

మూడవది. చేతులను మార్చి జతపరుపవలెను. ప్రైమో ఎడమచేయియు సెకండో కుడిచేయియు మాత్రము కలిసి వాయింపవలెను. ఇవి నడుమ చేతులు. పిమ్మట బయటి చేతులు రెండును మాత్రము. నాలుగు చేతులలో ఏది దేనితో మాటలాడుచున్నదో ఈ రీతిగ తెలియును.

నాలుగవది. తగవు వచ్చు మీటలను ముందే గుర్తింపవలెను. ఒక మీటను ఒకరు విడువకమునుపే రెండవవారు అడుగు చోట్లు ఇట్టి కృతులలో పెక్కు గలవు. అచ్చట ఎవరు ముందు చేయి లేపవలెనో, ఎవరి మణికట్టు పైన, ఎవరిది క్రింద నుండవలెనో నిర్ణయించి, పుస్తకమున వ్రాసికొనవలెను. రోటియొద్ద రోకళ్లు ఢీకొనకుండ చేయు నిర్ణయమే ఇది. గోళ్లు కత్తిరించుకొనుట, ఉంగరములు తీయుట, మోచేతులను ప్రక్కలకు చాపకుండుట, ఇవియు ఈ నిర్ణయములోనివే.

ఐదవది. పెడలు సాధారణముగ సెకండో వశమున నుండును. అది త్రొక్కువాడు తన స్వరములనుబట్టి గాక, ప్రైమో పాటనుబట్టి త్రొక్కవలెను. మేము ఒక నెల దినములు పెడలు లేకయే వాయించితిమి. నా లోపములన్నియు బయటపడినవి. అవి బయటపడినందుననే దిద్దుకొనగల్గితిని.

ఆరవది. కాలమానమును మెట్రొనోముతో సాధింపవలెను. తప్పులు రాని వేగమును మొదట కనుగొని, ఒక వారమంతయు ఆ వేగముననే వాయించి, తరువాత కొంచెము హెచ్చింపవలెను. బిగ్గరగ లెక్కించుటకు సిగ్గుపడరాదు. ఆదిభట్లవారు రెండు చేతులతోను, రెండు పాదములతోను, శిరస్సుతోను వేరువేరు తాళములు వేయుచు పాడెడివారని ప్రసిద్ధి. అంతటివారి లయజ్ఞానమునకును మొదటి మెట్టు లెక్కయే గదా!

ఏడవది. కృతిని మజిలీలుగ విభజింపవలెను. మేము 570 బారులను 24 మజిలీలు చేసి, ఇరువురి పుటలలోను ఒకే అంకెలు వేసికొంటిమి. ఏ అంకె చెప్పినను ఇరువురు అచ్చటనుండి తడుముకొనక ప్రారంభింపగలుగువరకు సాధించితిమి. మార్గమున ఒకరు తప్పిపోయినచో రెండవవారు ఆగరాదు. తప్పిపోయినవారు రాబోవు మజిలీయొద్ద వచ్చి కలిసికొనవలెను. ఇది యన్నిటికంటె ముఖ్యమైన నియమము.

ఎనిమిదవది. కలిసి ఊపిరి తీసికొనుట. ప్రారంభమునకు ముందు ఒకరు తల కొంచెము ఆడించి, వినబడునట్లు ఊపిరి తీయవలెను. దానితో రెండవవారి చేతులును లేచును. ముక్కాం తీరమున తెప్పపై ఇరువురు తెడ్లు వేయుట చూచినవారికి ఇది తెలిసిన సంగతియే. వెనుకవాడు ముందువాని భుజమును చూచి తెడ్డు దించునే గాని, నీటిని చూచి కాదు.

ఫలము

మొదటి దినమునుండి పదునొకండు నెలలకు, ఒక శనివారము సాయంకాలమున, మా అక్కగారి ఇంట వాయించితిమి. శ్రోతలు మా అమ్మగారు, మేనకోడండ్రు, ప్రక్క ఇంటి దంపతులు, అంతే. మొదటి మూడు భాగములు కుదురుగ సాగినవి. నాలుగు శ్రుతి తిరిగి వచ్చి, మొదటి పాట మరల వినబడగా మా అమ్మగారు కన్నులు మూసికొనిరి. ఆ దృశ్యమును చూచిన నేను చూడరానిచోట చూచితిని. ఫ్యూగులో నా చోటు తప్పినది. నా వ్రేళ్లు మీటలపై నిలిచిపోయినవి.

అక్కగారు ఆగలేదు, నా వైపు చూడలేదు. రెండు చేతులతో నలుగురి వాదమును ఒంటరిగ నిలబెట్టుచు, పెదవులు కదలీ కదలకుండ, "ఇరవై రెండు" అనిరి. నేను ఇరువదిరెండవ మజిలీ బారుకొరకు కాచుకొని, అచ్చట చేరితిని. విన్నవారిలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఆ లోపము తెలియలేదు. పంచమముపై ఇరువురమును ఒక్కటిగ ఆగితిమి. ఆ యొక్క బారు నిశ్శబ్దమున ఆమె ఊపిరి నాకు వినబడినది. ఆ ఊపిరితోనే నేను చివరి పాటకు అలలను ప్రారంభించితిని. ఈసారి ఆమె పాట మొదటి స్వరమునుండి చివరి స్వరమువరకు నాకు వినబడినది.

మరునాడు ఆమె వ్రేళ్లు వాచినవి. ఉప్పు కాపడము పెట్టుకొనుచు, "సరేలే, అయింది కదా" అని నవ్విరి. ఆ పిమ్మట మొత్తము కృతిని మేము మరల వాయింపలేదు. మొదటి పాటను మాత్రము అప్పుడప్పుడు మెల్లగ వాయించుచుందుము.

నాలుగు నెలలు నేను స్వరములు నేర్చితిని. ఏడు నెలలు వినుట నేర్చితిని. రెండవదే కష్టము. ఒంటరిగ వాయించువాడు తన తప్పు తనకే నష్టమని యనుకొనవచ్చును. ఇరువురలో ఒకడైనవాడు అట్లనుకొనజాలడు. అతని బిగ్గరతనము రెండవవారిని మూయును. అతని తొందర రెండవవారిని త్రోయును. అతని ఓర్పు మాత్రము రెండవవారిని నిలబెట్టును.

మీకు కొన్ని అభ్యాసములు

పియానో లేదని చింతింపకుడు. ఈ మూడు అభ్యాసములకు ఒక హార్మోనియమైనను, ఒట్టి చేతులైనను చాలును.

1. ఇరువురు ఎదురెదురుగ గూర్చుండి, ఒకరు నాలుగేసి, ఒకరు మూడేసి లెక్కతో చప్పట్లు చరచుడు. పండ్రెండవ దెబ్బ ముగియగనే ఇరువురి మొదటి దెబ్బలు కలియవలెను. కలిసినచో పాత్రలు మార్చుకొనుడు.

2. ఒకరు హార్మోనియముపై షడ్జమ పంచమములను ఒకే నడకన మెత్తగా వాయించుచుండగా, రెండవవారు సరళీ వరుసలను పాడుడు. పాడువారి స్వరము ప్రతి చోటను వినబడనిచో తప్పు వాయించువారిది.

3. తెలిసిన కీర్తన నొకదానిని ఇరువురు కలిసి పాడుచు, మూడవవాడు చేయి యెత్తగనే ఒకరు ఆగిపోవుడు. రెండవవారు ఆగక సాగవలెను. ఆగినవారు తరువాతి చరణము మొదట వచ్చి కలియుడు.

వీనిని సాధించి, ఎప్పుడైన నిజమైన పియానో దొరకినచో, షూబెర్టు ఫాంటసీని ముద్రించిన ఆ డియాబెల్లియే రచించిన 149వ సంఖ్య గల చిన్న పాఠములతో ప్రారంభింపుడు. అందు శిష్యుని చేయి ఐదు మీటలపైనుండి కదలనక్కరలేదు. తక్కిన భారమంతయు గురువు వహించును. నాకు చిన్ననాడు మా అక్కగారు నేర్పినది వానితోనే. ఆ ఐదు మీటలయొద్ద ఆమె నాకొరకు ఎంత మెత్తగా వాయించెడివారో, నలువది దాటిన పిమ్మట గాని నాకు తెలియలేదు.